పాషా ఆంగెలినా

పాషా ఆంగెలినా (1913 జనవరి 12 - 1959 జనవరి 21) సోవియట్ యూనియన్‌కు చెందిన సుప్రసిద్ధ ట్రాక్టరు డ్రైవరు. పూర్తిపేరు ప్రస్కోవ్యా నికితిచ్నా ఆంగెలినా. ఆ దేశంలో కేవలం స్త్రీలతో కూడిన తొలి ట్రాక్టరు దళాన్ని 1933లో ఏర్పాటు చేసిన వ్యక్తిగా ఈమె పేరు పొందింది. పాషా అన్నది ప్రస్కోవ్యా అనే పేరుకు రష్యన్లు వాడే ముద్దుపేరు మాత్రమే. తుర్కీ బిరుదైన పాషాతో దీనికి సంబంధం లేదు.

బాల్యం

ఆంగెలినా నేటి ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ప్రాంతానికి చెందిన స్తారోబెషెవె గ్రామంలో ఒక నిరుపేద గ్రీకు రైతు కుటుంబంలో జన్మించింది. అప్పట్లో అది రష్యన్ సామ్రాజ్యంలో భాగం. పాత రష్యన్ పంచాంగం ప్రకారం ఈమె పుట్టిన తేదీ 1912 డిసెంబరు 30 కావడం వలన కొన్ని గ్రంథాలలో జన్మ సంవత్సరం 1912 అని కనిపిస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో క్రిమియా నుండి తరలివచ్చిన గ్రీకులు స్థాపించిన గ్రామాలలో స్తారోబెషెవె ఒకటి. తల్లిదండ్రులు కూలిపని చేసి బ్రతికేవారు. ఆంగెలినా కూడా చిన్ననాటి నుండే పనికి వెళ్ళింది.

ట్రాక్టరు డ్రైవరుగా

1929 తరువాత సోవియట్ ప్రభుత్వం రైతుల భూములను సమిష్టి క్షేత్రాలుగా మార్చి, వాటికి యంత్రాలను సమకూర్చడానికి యంత్ర-ట్రాక్టరు స్టేషన్లను నెలకొల్పింది. ట్రాక్టర్లు స్టేషన్ల ఆస్తి. డ్రైవర్లు దళాలుగా ఏర్పడి సమిష్టి క్షేత్రాలలో దున్నేవారు. ఆంగెలినా శిక్షణ పూర్తిచేసి తన గ్రామంలోని స్టేషనులో చేరింది. ఆనాటి ట్రాక్టరు నడపడం నేటి వలె సులభం కాదు. దానికి పైకప్పు గాని, రబ్బరు చక్రాలు గాని లేవు. ఇనుప చక్రాల అదురు నేరుగా ఒంటికి తగిలేది. ముందువైపు నున్న హ్యాండిల్‌ను బలంగా త్రిప్పితే తప్ప ఇంజను కదిలేది కాదు. త్రిప్పేటప్పుడు అది ఒక్కసారిగా వెనుకకు తన్నితే చేయి విరిగే ప్రమాదం ఉండేది. స్త్రీల దేహం ఈ పనికి తట్టుకోలేదని వాదించేవారికి ఇదొక సాకుగా ఉపయోగపడింది. పురుషుల దేహాలకు అది ఏమాత్రం మేలు చేసిందన్న ప్రశ్న ఎవరూ అడిగినట్లు కనబడదు.

1933 వసంతంలో ఆంగెలినా నాయకత్వాన స్త్రీల దళం తొలిసారి పొలానికి బయలుదేరినపుడు అడ్డగించినవారు పురుషులు కారు, గ్రామంలోని స్త్రీలే. ఆడవాళ్ళు యంత్రాలు నడిపితే పంట పాడవుతుందన్న భయంతో వారు ట్రాక్టర్లను ముందుకు పోనివ్వలేదని ఆమె తన ఆత్మకథలో వ్రాసింది. స్టేషను రాజకీయ విభాగపు అధికారి వచ్చి వెంట నడిస్తే గాని దారి దొరకలేదు. ఆ సంవత్సరాంతానికి దళం తన లక్ష్యాన్ని మించి పనిచేసింది. అయితే అదే 1932-33లో ఉక్రెయిన్ పల్లెలలో లక్షలాది మంది ఆకలితో మరణించారు. బలవంతపు ధాన్య సేకరణ అందుకు ప్రధాన కారణం. 1930లలో సోవియట్ పత్రికలు ఈ దళం గురించి వ్రాసిన వ్యాసాలలో ఆ కరువు ప్రసక్తి ఉండేది కాదు.

కీర్తి

1935లో మాస్కోలో జరిగిన సమిష్టి రైతుల మహాసభలో ఒక్కొక్క ట్రాక్టరుతో 1,200 హెక్టార్లు దున్నుతామని ఆమె మాట ఇచ్చింది. ఆ సంవత్సరం దానిని నెరవేర్చింది కూడా. అదే ఏడు ఆగస్టులో దొనెత్స్క్ బొగ్గు గనుల ప్రాంతంలోనే అలెక్సెయ్ స్తఖానోవ్ బొగ్గు తవ్వకంలో రికార్డు నెలకొల్పడంతో స్తఖానోవ్ ఉద్యమం మొదలయింది. ఆంగెలినా పొలాలలో ఆ ఉద్యమానికి ప్రతీకగా మారింది. ఆమెకు లెనిన్ పతకం లభించింది. 1937లో సుప్రీం సోవియట్‌కు ఎన్నికై మరణించేవరకు సభ్యురాలిగా కొనసాగింది. అయితే 1937 డిసెంబరు నుండి రహస్య పోలీసులు సోవియట్ గ్రీకులపై సాగించిన అరెస్టులు, మరణశిక్షలు దొనెత్స్క్ ప్రాంతంలో తీవ్రంగా ఉండేవి. దేశమంతా గౌరవించిన ఒక గ్రీకు స్త్రీ చుట్టూ ఆమె జాతివారు భయంతో బ్రతికారన్నది ఈ జీవిత కథలో మరుగున పడిన భాగం.

1938లో లక్షమంది స్త్రీలు ట్రాక్టరు నేర్చుకోవాలని ఆమె పిలుపునిచ్చింది. దానికి రెండు లక్షల మంది స్పందించారని సోవియట్ ప్రచురణలు పేర్కొన్నాయి. ఆ అంకెలో ప్రచారం పాలు ఎంత ఉన్నా, యుద్ధం వచ్చినపుడు ఆ శిక్షణ విలువ తెలిసింది. 1939లో ఇవాన్ పిర్యెవ్ తీసిన ట్రాక్టరిస్టులు చిత్రంలో మరీనా లదీనినా ధరించిన నాయిక పాత్రకు ఆంగెలినాయే ఆదర్శమని చెబుతారు.

యుద్ధకాలం

ఆంగెలినా మాస్కోలోని తిమిర్యాజెవ్ వ్యవసాయ అకాడమీలో చదివింది. 1941లో జర్మన్ సైన్యాలు సమీపించడంతో దళం తన ట్రాక్టర్లతో సహా పశ్చిమ కజకిస్తాన్‌కు తరలివెళ్ళి, తెరెక్తా గ్రామంలో సేద్యం చేసింది. డ్రైవర్లలో అత్యధికులు యుద్ధరంగానికి పోవడంతో దేశంలోని ట్రాక్టరు డ్రైవర్లలో సగానికి పైగా స్త్రీలే అయ్యారు. విడిభాగాలు, ఇంధనం కరువైన ఆ రోజులలో సైన్యానికి, పట్టణాలకు తిండి పుట్టించిన పని చాలావరకు వారిదే. 1943లో స్తారోబెషెవె విముక్తి పొందిన తరువాత ఆమె స్వగ్రామానికి తిరిగివచ్చింది.

చివరి సంవత్సరాలు

ఆంగెలినాకు 1946లో స్టాలిన్ బహుమతి, 1947లోను మరల 1958లోను సోషలిస్టు శ్రమవీర బిరుదు లభించాయి. న్యూయార్క్‌లోని ఒక జీవితచరిత్రల కోశం వారు పంపిన ప్రశ్నాపత్రానికి జవాబుగా తన కథ చెప్పడం మొదలుపెట్టి, 1948లో దానిని ప్రచురించింది. ఇంట మాత్రం సుఖం తక్కువ. పార్టీ ఉద్యోగి అయిన భర్తతో యుద్ధానంతరం విడిపోయి, ముగ్గురు పిల్లలను, సోదరుని కుమారుని పెంచింది. పదవులు ఎన్ని వచ్చినా దళ నాయకత్వాన్ని వదలి పట్టణానికి మారలేదు.

1958లో సోవియట్ ప్రభుత్వం యంత్ర-ట్రాక్టరు స్టేషన్లను రద్దుచేసి యంత్రాలను సమిష్టి క్షేత్రాలకు అమ్మివేసింది. మరుసటి సంవత్సరం జనవరిలో ఆంగెలినా కాలేయవ్యాధితో మాస్కోలో మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 46 సంవత్సరాలు. డ్రైవర్లు ఇంధనాన్ని గొట్టంతో నోటితో పీల్చి ట్యాంకులోకి దింపేవారు కనుక ఇది వృత్తి వలన వచ్చిన వ్యాధియే అని పలువురు వ్రాశారు. ఆమెను స్వగ్రామంలోనే సమాధి చేశారు. అక్కడ ఆమె కాంస్య విగ్రహం, ఆమె పేర ఒక మ్యూజియం నెలకొల్పారు. 2014 ఆగస్టు నుండి ఆ గ్రామం రష్యా మద్దతు గల బలగాల అధీనంలోకి వెళ్ళింది.