సూర్యవంశీయుడైన చిత్రకారుడు – దియేగో కిస్పె తీతో

విజేతల పేర్లు శాసనాలలో నిలుస్తాయి. పరాజితుల పేర్లు కాలగర్భంలో కలిసిపోతాయి. ఇది లోకరీతి. అయినా ఓడిన జాతిలో జన్మించి, గెలిచినవారి ఆలయాలలోనే తన నామాన్ని శాశ్వతం చేసికొన్న కళాకారుడొకడు పెరూ దేశంలో ఉండెడివాడు. ఆయనే దియేగో కిస్పె తీతో.

ఆండీస్ పర్వతశ్రేణిలో సుమారు 11,000 అడుగుల ఎత్తున వెలసిన కూస్కో నగరం ఇన్కా చక్రవర్తుల రాజధాని. తాము సూర్యుని సంతతివారమని ఆ చక్రవర్తుల విశ్వాసం. 1533లో స్పెయిన్ సేనలు ఆ నగరాన్ని ఆక్రమించాయి. సూర్యాలయపు గోడల మీదనే క్రైస్తవ మఠం లేచింది. అక్షరాలకంటె చిత్రాలే ప్రజల హృదయాలకు త్వరగా చేరుతాయని గ్రహించిన మతాచార్యులు దేశీయులకు చిత్రలేఖనం నేర్పించారు. కూస్కో చిత్రకళా సంప్రదాయానికి అదియే నాంది.

1611లో ఒక ఇన్కా ప్రభువంశంలో దియేగో జన్మించాడు. నగర సమీపాన గల సాన్ సెబాస్టియన్ పేటలోనే ఆయన జీవితమంతా గడచింది. ఆయన సంతకం గల తొలి చిత్రం 1627 నాటిది. అప్పటికి ఆయన వయస్సు పదునారేండ్లు మాత్రమే. దియేగో అన్నది పాలకుల మతం ఇచ్చిన పేరు; కిస్పె తీతో అన్నది పూర్వుల భాష ఇచ్చిన పేరు. ఆ రెండింటినీ ఆయన విడువలేదు.

ఆనాడు ఫ్లాండర్స్ దేశంలో ముద్రితమైన చిత్రపటాలు ఓడలపై పెరూకు వచ్చేవి. వాటిని చూచి చిత్రించడమే చిత్రకారుల వృత్తి. కాని ఆ ముద్రణలలో నల్లని గీతలు తప్ప వర్ణాలు లేవు. ఆ వెలితిని దియేగో తన ఊహతో పూరించాడు. విశాలమైన ప్రకృతి దృశ్యాలు, వాటి నిండా రంగురంగుల పక్షులు, దేవదూతలు, పైన బంగారు మెరుగులు – ఇవి ఆయన కుంచె ప్రత్యేకతలు. సాన్ సెబాస్టియన్ చర్చికై బాప్తిస్మమిచ్చు యోహాను, అనగా మనం యహ్యా ప్రవక్తగా గౌరవించే మహనీయుని, జీవితగాథను చిత్రమాలగా రచించాడు. 1675లో తుది తీర్పు దినాన్ని చిత్రించాడు.

1681లో కూస్కో ప్రధాన చర్చికై రాశిచక్ర చిత్రాలను రచించాడు. ఒక్కొక్క రాశితో క్రీస్తు జీవితబోధలను ముడిపెట్టిన చిత్రాలవి. సూర్యచంద్ర నక్షత్రాల ఆరాధననుండి ప్రజల మనస్సులను క్రీస్తువైపు మరల్చడమే వాటి ఉద్దేశం. విధి వైచిత్రి ఎట్టిదో చూడండి! సూర్యుని సంతతిగా చెప్పుకొన్న వంశంలో పుట్టినవాడే సూర్యారాధనను మరపించే చిత్రాలను గీయవలసివచ్చింది. ఆయన ఆ పనిని తలవంచుకొని చేయలేదు. తన వర్ణాలతో, తన పక్షులతో, తన సంతకంతో చేశాడు. ఆ సంవత్సరమే కన్నుమూశాడు.

ఆయన నాటిన బీజం వ్యర్థం కాలేదు. స్పెయిన్ జాతీయులతో విభేదాలు ముదరగా, 1688లో దేశీయ చిత్రకారులు ఉమ్మడి వృత్తిసంఘంనుండి వేరుపడ్డారు. ఆ కాలంలోనే కూస్కో మొదలు నేటి బొలీవియాలోని కలమార్కా గ్రామం వరకు ఒక అపూర్వమైన దేవదూతల చిత్రకళ వర్ధిల్లింది. మనం ఫరిష్తాలని పిలిచే ఆ దివ్యమూర్తులు అక్కడ జరీ అంగరఖాలు, ఈకల టోపీలు ధరించి, భుజాన తుపాకులు దాల్చి కనిపిస్తారు. దేశాన్ని జయించిన ఆయుధం దేశీయుని కుంచెలో దివ్యాలంకారమైంది. వాటిని గీసినవారిలో పెక్కుమంది పేర్లు నేడు ఎవరికీ తెలియవు.

2016 సెప్టెంబరులో సాన్ సెబాస్టియన్ చర్చి అగ్నికి ఆహుతి కాగా, దియేగో చిత్రాలు కొన్ని భస్మమయ్యాయి. శతాబ్దాల సంపద ఒక్క రాత్రిలో బూడిద కావచ్చునని ఆ దుర్ఘటన హెచ్చరించింది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! పరుల విద్యను అభ్యసించడం పరాజయం కాదు. అభ్యసించి, అందులో తన్ను తాను మరచిపోవడమే పరాజయం. నేర్చినదానికి తన రంగును అద్ది, అడుగున తన పేరు వ్రాయగలిగినవాడే ధన్యుడు. దియేగో కిస్పె తీతో జీవితం మనకు అందించే పాఠమిదే.