రాజు తొందర – మంత్రి కన్నులు



క్రీ.శ. 1509వ సంవత్సరము జూలై 10వ తేదీన ఫ్రాన్సు దేశమందలి నొయోను పట్టణములో జాన్ కాల్విను జన్మించెను. ఆ యేడే ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ రాజాయెను. అదే యేట తుంగభద్రా నదీతీరమందలి విజయనగరములో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కెను. ఆయన ఇరువది యేండ్లు ఏలి 1529లో మరణించెను. జర్మనీలోని స్పయరు సభవలన ప్రొటెస్టెంటు అను పేరు పుట్టినది కూడ ఆ 1529లోనే. పడమటి దేశములలో సంఘము మారుచున్న ఆ దినములలో మన దేశమునేలిన ఈ రాజు బ్రతుకునుండి మనము నేర్చుకొనదగిన సంగతి ఒకటి కలదు.

రాయల మంత్రి సాళువ తిమ్మరుసు. రాయలు ఆయనను అప్పాజీ అని తండ్రివలె గౌరవించెనని చెప్పుదురు. ఫెర్నావ్ నునిజు అను పోర్చుగీసు గుర్రాల వర్తకుడు, రాయలు పోయిన కొలది యేండ్లకు విజయనగరములో నివసించి, అక్కడ వినినది వ్రాసెను. ఆయన వ్రాసిన ప్రకారము, అన్న వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, తన చిన్న కుమారునికే రాజ్యము దక్కవలెనని తలంచి, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీసి తెమ్మని తిమ్మరుసును ఆజ్ఞాపించెను. తిమ్మరుసు ఆ పని చేయలేదు. మేక కన్నులు తెచ్చి చూపి, కృష్ణరాయలను దాచి కాపాడి, తరువాత రాజును చేసెను.

ఆ కాలమున మన పలాస, టెక్కలి, ఉద్దానము సీమ కటకపు గజపతుల యేలుబడిలో నుండెను. దక్షిణమున ఉదయగిరి, కొండవీడు కోటలు కూడ వారివే. రాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, ఏడాదికి పైగా పోరాడి పట్టుకొనెను. 1515 జూనులో కొండవీడు లొంగెను; ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు చెరపట్టబడెను. 1516లో రాయలు తన రాణులతో సింహాచలము వచ్చి కానుకలిచ్చెను; ఆ శాసనము నేటికిని అక్కడ నున్నది. పొట్నూరులో జయస్తంభము నాటించెను. అటుపిమ్మట సంధి కుదిరెను. గజపతి తన కుమార్తెను రాయలకిచ్చెను. రాయలు కృష్ణానదికి ఉత్తరముననున్న దేశమంతయు గజపతికి తిరిగి యిచ్చివేసెను. ఆ విధముగా మన సీమ గజపతులకే నిలిచెను. గెలిచిన భూమిని శత్రువునకు తిరిగి యిచ్చు రాజులు అరుదు.

డొమింగో పేయస్ అను మరియొక పోర్చుగీసువాడు సుమారు 1520లో రాయలను కన్నులార చూచెను. రాయలు మధ్యమపు ఎత్తువాడనియు, ముఖమున మశూచి మచ్చలు గలవాడనియు, తెల్లవారకముందే లేచి నూనె త్రాగి, ఒంటికి నూనె రాచుకొని, సాము చేసి, గుఱ్ఱపుస్వారి చేయువాడనియు వ్రాసెను. ఆ 1520లోనే రాయలు రాయచూరు గెలిచెను. పొలములకు నీరందుటకు గొప్ప చెరువు కట్టించెను. ఆముక్తమాల్యదను రచించెను. ఆ కావ్యమునకు కారణమైన కల వచ్చిన శ్రీకాకుళము మన శ్రీకాకుళము కాదు, కృష్ణా తీరమందలి శ్రీకాకుళము.

ఇంత ఓర్పుగల రాజు ఇంటిలో తొందరపడెను. 1524లో, ఆరేండ్ల ప్రాయముగల కుమారుడు తిరుమలరాయలకు తాను బ్రతికియుండగానే పట్టము కట్టెను. కొలది నెలలకే ఆ బిడ్డ జబ్బుపడి చనిపోయెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించెనని ఎవరో రాయల చెవిని వేసిరి. రాయలు నమ్మెను. నిండు కొలువులో తిమ్మరుసుపై నేరము మోపి, కుమారులతో కూడ చెరలో వేయించి, పిమ్మట కన్నులు తీయించెనని నునిజు వ్రాసెను. రాయల కన్నులు కాపాడినవాడు రాయల ఆజ్ఞవలననే తన కన్నులు పోగొట్టుకొనెను. దుఃఖించిన తండ్రియు, నేరము మోపినవాడును, తీర్పు తీర్చినవాడును ఒక్కడే ఆయెను. 1529లో రాయలు మరణించినప్పుడు రాజ్యము తమ్ముడు అచ్యుతరాయలకు పోయెను.

ఆదికాండము 39వ అధ్యాయములో పోతీఫరు కూడ ఒక్క మాట విని, తన ఇల్లంతయు నమ్మకముగా చూచిన యోసేపును చెరలో వేయించెను. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము ఇందుకే ఇద్దరు ముగ్గురు సాక్షులను, బాగుగా విచారించు న్యాయాధిపతులను కోరుచున్నది.

సహోదరులారా, మన యూళ్లలో రాజులు లేరు గాని ఇట్టి తీర్పులు కలవు. సంఘపు కానుకల లెక్క చూచు పెద్దమీదను, జీడితోట కాయు కూలివానిమీదను, ఇంటికి వచ్చిన కోడలిమీదను ఒక మాట పుట్టిన దినముననే నింద స్థిరపడుచున్నది. మనకు కష్టము వచ్చినప్పుడు, ముఖ్యముగా బిడ్డ పోయిన ఇంట, ఎవరినో ఒకరిని దోషిగా చూడవలెనని మనస్సు తొందరపడును. అట్టి దినమున తీర్పు తీర్చక ఆగుడి. ఆ మనిషి మన కొరకు ఏమి చేసెనో జ్ఞాపకము చేసికొనుడి. అతనిని పిలిచి, అతని మాట కూడ వినుడి. పోయిన కన్నులను ఏ రాజును తిరిగి ఇయ్యలేడు.