జిమ్ హెన్సన్

జిమ్ హెన్సన్ (సెప్టెంబరు 24, 1936 - మే 16, 1990) ప్రసిద్ధి చెందిన అమెరికా బొమ్మలాట కళాకారుడు, చలనచిత్ర దర్శకుడు. పూర్తి పేరు జేమ్స్ మౌరీ హెన్సన్. మపెట్స్ అనే కీలుబొమ్మల సృష్టికర్తగా ప్రపంచఖ్యాతి పొందాడు. బొమ్మల ముఖాలకే కాక చేతులకు కూడా జీవకళ తేవడానికి ఇతడు, ఇతని బృందం కడ్డీలు, మనిషి చేతులు, కేబుళ్ళు, మోటార్లు వంటి అనేక సాధనాలను వినియోగించారు.

బాల్యం, విద్య

హెన్సన్ మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో జన్మించాడు. తండ్రి పాల్ హెన్సన్ ప్రభుత్వ వ్యవసాయ శాఖలో శాస్త్రవేత్త. బాల్యం లీలాండ్ పట్టణంలో గడిచింది. తరువాత కుటుంబం మేరీలాండ్ రాష్ట్రానికి తరలి వెళ్ళింది. 1960లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం నుండి గృహవిజ్ఞాన శాస్త్రంలో పట్టా పొందాడు. అక్కడి బొమ్మలాట తరగతిలో పరిచయమైన జేన్ నెబెల్‌ను 1959లో వివాహమాడాడు. వీరికి ఐదుగురు సంతానం.

మపెట్స్

1955లో వాషింగ్టన్ నగరంలోని ఒక టెలివిజన్ కేంద్రంలో సామ్ అండ్ ఫ్రెండ్స్ అనే ఐదు నిమిషాల కార్యక్రమం ప్రారంభించాడు. తల్లి పాత కోటు గుడ్డ, రెండుగా కోసిన పింగ్‌పాంగ్ బంతి ఉపయోగించి కెర్మిట్ బొమ్మను తయారుచేశాడు. ఆ బొమ్మే తరువాత కప్పగా రూపుదిద్దుకుంది. బొమ్మలాటకు ప్రత్యేక వేదిక లేకుండా టెలివిజన్ తెరనే వేదికగా చేసుకోవడం హెన్సన్ ప్రత్యేకత. 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ పిల్లల కార్యక్రమం, 1976-81 మధ్య ఇంగ్లాండులో చిత్రీకరించిన ది మపెట్ షో (120 భాగాలు) ఇతనికి విశేషమైన పేరు తెచ్చాయి.

బొమ్మల చేతులు

కెర్మిట్ వంటి బొమ్మల చేతులకు సన్నని కడ్డీలు అమర్చి ఉంటాయి. కళాకారుడు కుడిచేతితో బొమ్మ నోటిని ఆడిస్తూ ఎడమచేతితో ఈ కడ్డీలను కదుపుతాడు. అందువల్లనే మపెట్స్‌లో చాలా బొమ్మలు ఎడమచేతివాటంగా కనిపిస్తాయి. ఈ పద్ధతిలో చెయ్యి ఊపడం సులభమే కాని, వేళ్ళతో వస్తువును పట్టుకోవడం వీలుకాదు. రౌల్ఫ్ వంటి బొమ్మలలో కళాకారుని చెయ్యే తొడుగులో దూరి బొమ్మ చెయ్యి అవుతుంది. రెండవ చేతికి మరొక మనిషి కావాలి. స్వీడిష్ షెఫ్ అనే వంటవాడి బొమ్మకు తల, గొంతు హెన్సన్‌వి కాగా, తొడుగు లేని చేతులు ఫ్రాంక్ ఆజ్‌వి.

మనిషి చెయ్యి పట్టని బొమ్మలకు కేబుల్ పద్ధతి ఉపయోగపడుతుంది. ఇది సైకిలు బ్రేకు వంటిదే. గొట్టంలో జారే ఉక్కుతీగ ఒక కొన వేలి చివర, రెండవ కొన దూరంగా ఉన్న పిడికి బిగించి ఉంటాయి. పిడిని నొక్కితే తీగ లాగబడి వేలు ముడుచుకుంటుంది; వదిలితే స్ప్రింగు వల్ల చాచుకుంటుంది. మన ముంజేతి కండరాలు స్నాయువుల ద్వారా వేళ్ళను కదిలించే తీరు కూడా ఇటువంటిదే. బరువైన యంత్రం బొమ్మలో ఉండనక్కరలేకపోవడం దీని లాభం. గొట్టం మలుపులు పెరిగితే రాపిడి పెరగడం, బొమ్మ తీగ పొడవు దాటి వెళ్ళలేకపోవడం దీని పరిమితులు. రేడియో తరంగాలతో మోటార్లను నడిపే పద్ధతిలో ఈ బంధం ఉండదు. 1977 నాటి ఎమ్మెట్ ఆటర్స్ జగ్-బ్యాండ్ క్రిస్మస్‌లో హెన్సన్ బృందం అటువంటి బొమ్మలను వాడింది.

చలనచిత్రాలు

ఫ్రాంక్ ఆజ్‌తో కలిసి దర్శకత్వం వహించిన ది డార్క్ క్రిస్టల్ (1982)లో తెరపై మనుషులు కనిపించరు. ఒక్కొక్క పెద్ద బొమ్మకు లోపల ఒక ముఖ్య కళాకారుడు, వెలుపల కేబుళ్ళు నడిపే సహాయకులు అవసరమయ్యారు. లాబిరింత్ (1986)లో హాగుల్ పాత్ర ముఖంలో 18 మోటార్లు అమర్చారు. అయితే అదే చిత్రంలో గోడల నుండి పొడుచుకు వచ్చి ముఖాలుగా మారి మాట్లాడే చేతులు మాత్రం తొడుగులు ధరించిన కళాకారుల చేతులే. యంత్రం ఎంత పెరిగినా మనిషి చేతికి హెన్సన్ ఇచ్చిన స్థానం తగ్గలేదు. సుమారు 2.5 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మించిన ఈ చిత్రం అమెరికాలో అందులో సగం మాత్రమే వసూలు చేసి, హెన్సన్‌ను మిక్కిలి నిరాశపరచింది. తరువాతి కాలంలో దీనికి ఆదరణ లభించింది. ఇతడు దర్శకత్వం వహించిన చివరి వెండితెర కథాచిత్రం ఇదే.

మరణం, వారసత్వం

1990 మే నెలలో గొంతునొప్పితో మొదలైన అనారోగ్యాన్ని హెన్సన్ తేలికగా తీసుకున్నాడు. మే 15న ఆసుపత్రిలో చేరేసరికి స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల వల్ల కలిగిన న్యుమోనియా తీవ్రమైంది. మరునాడు న్యూయార్క్‌లో 53వ యేట మరణించాడు. అతని కార్యశాలలో రూపొందిన బొమ్మల నియంత్రణ వ్యవస్థకు 1992లో అకాడమీ సాంకేతిక పురస్కారం లభించింది. కోటు గుడ్డతో చేసిన మొదటి కెర్మిట్‌ను 2010లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు అందజేశారు.