ప్రకాశముగారు, గతించిన నియోజకవర్గము

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు చేరువనున్న వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి ఒంగోలులో పూటకూటి యిల్లు నడిపి కుమారుని చదివించెను. పిదప గురువు ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారి వెంట రాజమహేంద్రవరము చేరి, అచ్చటనే వకీలై, పురపాలక సంఘాధ్యక్షులైరి. సీమకేగి బారిష్టరై మద్రాసులో విశేష ధనమార్జించియు, 1921లో ఆ వృత్తిని విడనాడి స్వరాజ్య పత్రికను స్థాపించిరి.

1926లో ఢిల్లీ కేంద్ర శాసనసభకు ఎన్నికలు జరిగెను. చీమకుర్తి మున్నగు ఒంగోలు ప్రాంతపు గ్రామములు అప్పుడు గుంటూరు–నెల్లూరు నియోజకవర్గములోనివి. ప్రకాశముగారో, ఉభయ గోదావరులు, కృష్ణా జిల్లా కలిసిన మహమ్మదీయేతర గ్రామీణ నియోజకవర్గము నుండి ఎన్నికైరి. పుట్టిన సీమ బిడ్డను పొరుగుసీమ పంపెనన్నమాట! రాజమహేంద్రవరపు పాత పరిచయములు తోడ్పడియుండును. ఆనాటి ఓటు అందరిది కాదు. నిర్ణీత ప్రమాణమున శిస్తో, పన్నో చెల్లించువారిదే ముఖ్యముగా. శిస్తు పద్దే ఓటర్ల పట్టికకు మూలము. కూలి చేసికొని బ్రదుకువాని పేరు అందు కెక్కుట కల్ల.

1928 ఫిబ్రవరి 3న సైమను సంఘ బహిష్కరణమున మద్రాసు వీధిలో తుపాకికి రొమ్ము చూపిననాడు ఆయన ఆ నియోజకవర్గ ప్రతినిధియే. 1930లో ఉప్పు సత్యాగ్రహమునకై సభ్యత్వమును వదలుకొనిరి.

1947 ఆగస్టు 14న ఆ సభ రద్దుకాగా నియోజకవర్గమును అంతరించెను. 1953 అక్టోబరు 1న ప్రకాశముగారు ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రులైరి. 1955లో వయోజనులందరికి ఓటున్న ఎన్నికలలో ఒంగోలు ప్రజలు ఎనుబదిరెండేండ్ల యీ వృద్ధుని శాసనసభకు పంపిరి. 1957 మే 20న ఆయన దివంగతులైరి. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టబడెను.