గ్రెగరీ పింకస్

గ్రెగరీ గుడ్‌విన్ పింకస్ (ఏప్రిల్ 9, 1903 - ఆగష్టు 22, 1967) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త. నోటి ద్వారా వేసుకొనే గర్భనిరోధక మాత్ర రూపొందడానికి ఈయన ప్రధాన కారకుడు. ఒక మాత్ర పడక మరొక మాత్రకు, మాత్రలే పడక మరొక పద్ధతికి మారడం నేడు స్త్రీల జీవితంలో సాధారణ విషయము. ఆ సమస్యకు మూలమైన హార్మోను మోతాదు ప్రశ్న పింకస్ జరిపిన తొలి ప్రయోగాలలోనే బయటపడింది. అయితే ఈయన దానికి తగిన ప్రాధాన్యం ఇవ్వలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

పింకస్ న్యూజెర్సీ రాష్ట్రంలోని వుడ్‌బైన్‌లో, రష్యా సామ్రాజ్యం నుండి వలస వచ్చిన యూదు కుటుంబంలో జన్మించాడు. వుడ్‌బైన్ యూదు వలసదారుల కొరకు ఏర్పరచిన వ్యవసాయ గ్రామము. కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి 1924లో పట్టా పుచ్చుకొని, అదే సంవత్సరం ఎలిజబెత్ నోట్కిన్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు సంతానము. 1927లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, కొంతకాలం కేంబ్రిడ్జిలోను, బెర్లిన్‌లోను పరిశోధనలు చేశాడు.

1931లో హార్వర్డ్‌లో సహాయ ఆచార్యుడయ్యాడు. కుందేలు అండములను గర్భాశయం వెలుపల ఫలదీకరణ చెందించినట్లు 1934లో ప్రకటించడంతో ఈయన పేరు పత్రికలకెక్కింది. తండ్రి లేని జీవులను గాజు సీసాలలో తయారుచేసే మనిషిగా కొన్ని పత్రికలు ఈయనను చిత్రించాయి. తరువాతి ప్రయోగాల ఫలితాలను ఇతరులు తిరిగి సాధించలేకపోవడం కూడా ఈయనకు చేటు తెచ్చింది. 1937లో హార్వర్డ్ ఈయనకు శాశ్వత ఉద్యోగం నిరాకరించింది. ఇందులో యూదు ద్వేషం పాలు కూడా ఉందని పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

వూస్టర్ సంస్థ

సహాధ్యాయి హడ్సన్ హోగ్లాండ్ మసాచుసెట్స్‌లోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో ఈయనకు చోటు కల్పించాడు. 1944లో ఇద్దరూ కలిసి ష్రూస్‌బరీలో వూస్టర్ ప్రయోగాత్మక జీవశాస్త్ర సంస్థను స్థాపించారు. తొలిరోజులలో చేతిలో డబ్బు లేక, గడ్డి కోసే పని హోగ్లాండ్, జంతువుల బోనులు శుభ్రం చేసే పని పింకస్ చూసుకొనేవారని చెబుతారు. చైనాలో పుట్టిన మిన్ చూ చాంగ్ 1945లో ఇక్కడ చేరాడు. మాత్రకు పునాది వేసిన జంతు ప్రయోగాలలో అధిక భాగం చాంగ్ చేతి పనియే. అయినా ఆయన పేరు సామాన్య పాఠకులకు అంతగా తెలియదు.

మాత్ర ఆవిర్భావము

కుటుంబ నియంత్రణ ఉద్యమ నాయకురాలు మార్గరెట్ శాంగర్ 1951లో పింకస్‌ను కలుసుకొని, స్త్రీ తన చేతిలో ఉంచుకోగల సులభమైన సాధనం కావాలని కోరింది. ఆమె స్నేహితురాలు కాథరిన్ మెకార్మిక్ 1953 జూన్‌లో ష్రూస్‌బరీకి వచ్చి, ధన సహాయానికి పూనుకుంది. ఈమె జీవశాస్త్రం చదువుకున్న సంపన్నురాలు. పరిశోధనకు అయిన ఖర్చులో అధిక భాగం ప్రభుత్వం నుండి గాక ఈమె నుండే వచ్చింది.

గర్భవతి శరీరంలో ప్రొజెస్టిరోన్ అనే హార్మోను కొత్త అండము విడుదల కాకుండా ఆపుతుంది. అయితే దానిని నోటి ద్వారా ఇస్తే చాలా ఎక్కువ మోతాదు కావలసి వచ్చేది. మెక్సికో అడవి దుంపల నుండి లభించే పదార్థం ఆధారంగా 1950ల ఆరంభంలో కృత్రిమ హార్మోనులు తయారు కావడంతో ఈ చిక్కు తీరింది. చాంగ్ సుమారు 200 పదార్థాలను జంతువులపై పరీక్షించగా, సెర్ల్ కంపెనీ తయారు చేసిన నోరెథినోడ్రెల్‌ను పింకస్ ఎంచుకున్నాడు. మసాచుసెట్స్‌లో గర్భనిరోధం చట్టవిరుద్ధం. అందువలన బోస్టన్ స్త్రీవైద్యుడు జాన్ రాక్ 1954లో 50 మంది స్త్రీలపై జరిపిన పరీక్షను సంతాన సాఫల్య పరిశోధనగా చూపవలసి వచ్చింది.

పోర్టోరికో ప్రయోగము

పెద్ద ఎత్తున పరీక్షించడానికి పోర్టోరికో ద్వీపాన్ని ఎన్నుకున్నారు. అక్కడ గర్భనిరోధం చట్టసమ్మతం, కుటుంబ నియంత్రణ క్లినిక్‌లు కూడా ఉన్నాయి. 1956 ఏప్రిల్‌లో రియో పియెద్రాస్‌లోని పేదల గృహసముదాయంలో ప్రయోగం మొదలైంది. ఋతుచక్రంలో ఐదవ రోజు నుండి వరుసగా 20 రోజులు రోజుకొక మాత్ర వేసుకోవాలి. మాత్ర గర్భం రాకుండా చేస్తుందని మాత్రమే ఆ స్త్రీలకు చెప్పారు. అది పరీక్ష దశలో ఉన్న మందు అని చెప్పలేదు. ఇదే మందును వూస్టర్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో, తమకు తాముగా అంగీకారం తెలుపలేని స్థితిలో ఉన్నవారికి కూడా ఇచ్చారు. నాటి నియమాలు నేటి వంటివి కావన్నది నిజమే గాని, ఈ రెండు విషయాలు పింకస్ కీర్తికి మచ్చగానే మిగిలాయి.

ప్రయోగాన్ని స్థానికంగా నిర్వహించిన డాక్టరు ఎడ్రిస్ రైస్-రే తొలి ఫలితాలను పంపింది. క్రమం తప్పక వేసుకున్నవారిలో మాత్ర గర్భాన్ని సమర్థంగా నివారించింది. కాని 17 శాతం స్త్రీలు వికారం, తలతిప్పు, తలనొప్పి, కడుపునొప్పి, వాంతులతో బాధపడ్డారు. చాలామంది మధ్యలోనే మానుకున్నారు. ఇన్ని బాధలున్న మందు సామాన్య వాడుకకు తగదని ఆమె అభిప్రాయపడింది. పింకస్, రాక్ దీనితో ఏకీభవించలేదు. ఈ బాధలలో చాలాభాగం మనసు పుట్టించినవేనని పింకస్ నమ్మాడు. ముందుగా హెచ్చరిస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు కూడా అవే బాధలు చెబుతారని నిరూపించడానికి ప్రత్యేకంగా ఒక పరీక్ష జరిపించాడు. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. అయితే అసలు మాత్ర మోతాదు అవసరానికి మించినదన్న సంగతి అందువలన మరుగున పడింది. రైస్-రే ఆ సంవత్సరాంతంలో పోర్టోరికో ఉద్యోగం వదలి మెక్సికో వెళ్ళింది.

ఈ దశలోనే మరొక విషయం తెలిసింది. నోరెథినోడ్రెల్‌లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ కల్తీగా కలిసి ఉంది. దానిని తీసివేసి శుద్ధమైన మందు ఇస్తే, నెల మధ్యలో రక్తస్రావం కనిపించసాగింది. అందుచేత మెస్ట్రనాల్‌ను కావాలనే తిరిగి చేర్చారు. మాత్రలు మార్చడం వెనుక ఉన్న సూత్రమంతా ఇందులోనే ఉంది. ఈస్ట్రోజెన్ ఎక్కువైతే వికారం, రొమ్ముల నొప్పి, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతాయి. బాగా తగ్గితే మధ్యలో రక్తపు మరకలు కనబడతాయి. స్త్రీ స్త్రీకి ఈ సమతూకం వేరు.

ఎనోవిడ్ అనే పేరుతో ఈ మందును 1957లో ఋతుక్రమ లోపాలకు, 1960లో గర్భనిరోధానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది. తొలి మాత్రలో 9.85 మిల్లీగ్రాముల నోరెథినోడ్రెల్, 0.15 మిల్లీగ్రాముల మెస్ట్రనాల్ ఉండేవి. 1961లోనే బ్రిటన్‌లో ఈ మందు వాడిన ఒక స్త్రీకి ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టినట్లు వైద్య పత్రికలో వచ్చింది. సగం మోతాదు మాత్రకు ఆ ఏడే అనుమతి లభించింది. తరువాత ఇంకా తగ్గించినవి వచ్చాయి. మాత్ర పడనివారిలో కొందరు 1960లలో వచ్చిన లిప్పెస్ లూప్ వంటి గర్భాశయ సాధనాలకు మారారు.

చివరి రోజులు

పింకస్ 1965లో జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యాడు. అదే ఏడు సంతాన నియంత్రణపై తన గ్రంథాన్ని వెలువరించాడు. ఎముక మజ్జకు సంబంధించిన వ్యాధితో 1967లో బోస్టన్‌లో మరణించాడు. మాత్ర వలన ఈయన సొంతానికి ఆస్తి కూడబెట్టుకోలేదు.

రక్తం గడ్డకట్టడానికి, మాత్రకు గల సంబంధాన్ని బ్రిటిష్ పరిశోధకులు గట్టిగా నిరూపించింది 1968లో, అంటే ఈయన మరణానంతరమే. పాత్రికేయురాలు బార్బరా సీమన్ 1969లో రాసిన పుస్తకంతో అమెరికా సెనేట్‌లో 1970లో విచారణ జరిగింది. సాక్ష్యం చెప్పడానికి మాత్ర వాడే స్త్రీలను ఒక్కరినీ పిలవలేదని కొందరు యువతులు సభలోనే లేచి అడ్డుతగిలారు. ఆ ఏడే మాత్రల పెట్టెలో హెచ్చరిక పత్రం ఉంచాలని ప్రభుత్వం ఆదేశించింది. 50 మైక్రోగ్రాములకు మించి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు 1988లో అమెరికా విపణి నుండి తొలగిపోయాయి.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 1965లో తన కార్యక్రమానికి మాత్రను గాక లూప్‌ను ప్రధానంగా ఎన్నుకుంది. తరువాత ప్రభుత్వం పంపిణీ చేసిన మాలా-డి మాత్రలో ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు మాత్రమే. పోర్టోరికోలో తలెత్తిన అంగీకార ప్రశ్న తెలుగు నేలపైన కూడా తలెత్తింది. నోరెథిస్టిరోన్ నుండి తయారైన నెట్-ఎన్ ఇంజెక్షనును 1985లో హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో స్త్రీలపై పరీక్షిస్తుండగా, వారికి తగిన సమాచారం ఇవ్వలేదని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించింది. మాత్ర నచ్చకపోతే మానుకోవచ్చు, ఒకసారి పొడిచిన ఇంజెక్షను ప్రభావం మాత్రం సుమారు రెండు నెలలు ఉంటుంది. ఈ సంస్థ, ఢిల్లీకి చెందిన సహేలీ మొదలైన మహిళా సంఘాలు 1986లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం 2000 సంవత్సరం వరకు సాగింది.