అరవని కప్ప.. హోక్‌స్టెట్టర్ పేరు

కోరమాండల్ అంటే మనకు రైలే గుర్తొస్తుంది. న్యూజిలాండ్‌లోనూ ఆ పేరుతో కొండలున్నాయి. 1820లో కౌరి దుంగల కోసం వచ్చిన ఓడ పేరే అక్కడ నిలిచిపోయింది. ఆ ఓడకేమో మన తూర్పు తీరం పేరు!

ఆ కొండల వాగుల్లో ఓ బుల్లి కప్ప ఉంది. రెండంగుళాలకు మించదు, బెకబెకమనదు. 1852లో బంగారం వెతికేవాళ్ల కంట పడింది. పేరు మాత్రం ఫెర్డినాండ్ హోక్‌స్టెట్టర్‌కు దక్కింది.

ఆయన 1829లో జర్మనీలోని ఎస్లింగెన్‌లో పుట్టారు. చదివింది భూగర్భశాస్త్రం. ఆస్ట్రియా ఓడ నొవారాలో మద్రాసు మీదుగా తిరుగుతూ 1858 డిసెంబరులో ఆక్లాండ్ చేరారు. ఓడ కదిలినా ఆయన కదల్లేదు. ఇక్కడి నేలను పరిశీలించి పెట్టండని ప్రభుత్వం అడిగింది మరి. 1859 అక్టోబరు దాకా మావోరీల తోడుతో అడవులు, అగ్నిపర్వతాలు చుట్టేశారు. కోరమాండల్ కూడా వెళ్లారు.

వియన్నా చేరిన కప్పను ఫిట్జింగర్ 1861లో శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ హోక్‌స్టెట్టర్ పేరు పెట్టారు. రాళ్లు తిరగేసి ముందు చూసినవాళ్లకు ఆ పేరులో చోటు లేదు.

1876లో వియన్నా ప్రకృతి చరిత్ర మ్యూజియానికి తొలి అధిపతి అయిన ఆయన 1884లో కన్నుమూశారు. కప్ప ఇంకా ఉంది, చట్టం రక్షణలో. అటు వెళ్లే మనవాళ్లు వాగు రాళ్లు కదపొద్దు.