దిద్ది నేర్చిన మహాచిత్రకారుడు రూబెన్స్

గురువు పలకపై వ్రాసియిచ్చిన అక్షరములమీద బలపము త్రిప్పుచు ఓనమాలు దిద్దనివారు మనలో లేరు. ఆ దిద్దుటను తప్పని ఎవరును అనరు. కాని పరీక్షనాడు ప్రక్కవాని కాగితమును చూచి వ్రాసినచో అది నేరమగును. రెండును ఒకరు వ్రాసినదానిని చూచి వ్రాయుటయే కదా! ఒకచోట విద్యయైనది వేరొకచోట మోసమెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానము ఐరోపా చిత్రకారులలో అగ్రగణ్యుడైన పీటర్ పాల్ రూబెన్స్ జీవితమునందు కానవచ్చుచున్నది. కావున అతని చరిత్రను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును సంగ్రహముగా తెలుపదలచితిమి.

రూబెన్స్ 1577వ సంవత్సరము జూన్ 28వ తేదీన జర్మను దేశములోని సీగెన్ పట్టణమున జన్మించెను. అతని తలిదండ్రుల స్వస్థలము మాత్రము నేటి బెల్జియములోని ఆంట్వెర్ప్ నగరము. తండ్రి న్యాయశాస్త్ర పండితుడు. మతకలహముల వలన అతడు 1568లో కుటుంబముతో పరదేశమునకు తరలిపోయెను. 1587లో తండ్రి మరణింపగా, కొంతకాలమునకు తల్లి మరియా బిడ్డలను వెంటబెట్టుకొని ఆంట్వెర్ప్ చేరుకొనెను. బాలుడు ఇంట ఫ్లెమిష్ భాషను, బడిలో లాటినును నేర్చెను. పిమ్మట ఇటాలియను, ఫ్రెంచి, స్పానిషు భాషలును అతనికి వశమయ్యెను. తన లేఖలలో అధికభాగమును అతడు ఇటాలియనులోనే వ్రాసెను. అయినను ముదిమిలో తన శిష్యునకు వ్రాసిన జాబులు ఇంటిభాషలోనే కలవు. ఇరుగుపొరుగు భాషలను నేర్చినందున ఇంటిభాష చెడునని భయపడు తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింతురుగాక.

అతడు ముగ్గురు గురువులకడ వరుసగా శిష్యరికము చేసి, 1598లో ఆంట్వెర్ప్ చిత్రకారుల సంఘమునందు ఆచార్యుడుగా చేరెను. పసితనముననే హోల్బైన్ అను పూర్వచిత్రకారుని ముద్రిత చిత్రములను చూచి గీయుచు చేయి తీర్చుకొనెను. 1600లో ఇటలీ వెళ్లి మాంటువా ప్రభువగు విన్సెంజో గొంజాగా ఆస్థానమున కుదిరెను. ఆ దేశమున ఎనిమిది సంవత్సరములు పూర్వుల చిత్రములను, శిల్పములను చూచి గీయుటయే అతనికి నిత్యవ్రతమయ్యెను. లియొనార్డో డావించి ఫ్లారెన్సు నగరసభాభవనపు గోడపై ఆరంభించిన ఆంగ్యారి యుద్ధచిత్రము అప్పటికే కానరాకుండెను. ఇతరులు తీసియుంచిన నకలుపై రూబెన్స్ చేయి చేసిన చిత్రమొకటి నేడు పారిస్ నగరములోని లూవ్రు ప్రదర్శనశాలయందున్నది. మూలము నశించినను దాని జాడ నకలువలన నిలిచినదన్నమాట.

1603లో మాంటువా ప్రభువు స్పెయిను రాజునకును, అతని మంత్రి లెర్మా ప్రభువునకును కానుకలను రూబెన్స్ చేత పంపెను. వానిలో రాఫేలు మొదలగువారి చిత్రములకు రోమునగరమున వ్రాయించిన నకళ్లు పెక్కు కలవు. దారిలో వానలకు తడిసి అవి పాడయ్యెను. రూబెన్స్ వానిని బాగుచేసి, బొత్తిగా చెడిన రెండింటికి బదులు తానొక క్రొత్తచిత్రమును వ్రాసి చేర్చెను. తడిసి బాగుపడిన ఆ బొమ్మలకు ప్రాతదనపు రూపు వచ్చుటచే లెర్మా వానిలో చాలవరకు మూలచిత్రములనియే తలచెను. మేము నమ్మించలేదు, వారును సందేహింపలేదు అను భావముతో రూబెన్స్ ఈ సంగతిని మాంటువాకు తెలియజేసెను. అప్పుడతనికి ఇరువదియారేండ్లు. అబద్ధమాడకున్నను నిజము చెప్పకుండుట నిండైన సత్యము కాదని మా అభిప్రాయము.

1608లో తల్లికి జబ్బుచేసినదని విని మరలివచ్చునప్పటికే ఆమె గతించియుండెను. అటుపిమ్మట అతడు ఆంట్వెర్ప్‌లోనే స్థిరపడి గొప్ప చిత్రశాలను నెలకొల్పెను. బరోక్ శైలి అనబడు ఆ కాలపు చిత్రకళలో చలనము, వెలుగునీడల పోరు, నిండైన వర్ణములు ముఖ్యలక్షణములు. అట్టి చిత్రములకై రాజులును, దేవాలయములును పోటీపడగా, ఒక్క చేతితో పని తెమలదయ్యెను. అందుచే రూబెన్స్ చిన్నపలకపై తైలవర్ణములతో నమూనా వ్రాసియిచ్చును. శిష్యులు దానిని పెద్ద బట్టపైకి ఎక్కింతురు. తుదకు గురువే కుంచె పట్టి మెరుగులు దిద్దును. పేరుపొందిన చిత్రములకు చిత్రశాలలోనే మరల ప్రతులు వ్రాయుటయు కలదు.

ఇక్కడనే కొనువాడు మోసపోవుటకు అవకాశము హెచ్చు. కాని 1618లో డడ్లీ కార్ల్‌టన్ అను ఆంగ్లేయ రాయబారి తనకడనున్న ప్రాచీన శిలావిగ్రహములను చిత్రములకు మార్చుకొనదలచినప్పుడు, రూబెన్స్ ఒక పట్టికను పంపెను. సింహములనడుమ దానియేలు అను చిత్రము పూర్తిగా తన చేతిదనియు, దాని వెల 600 ఫ్లారినులనియు అందు తెలిపెను. ప్రొమీథియసు చిత్రములో గ్రద్దను వ్రాసినది స్నైడర్స్ అని చెప్పెను. శిష్యులు ఆరంభింపగా తాను దిద్దినవి ఏవియో విడివిడిగా పేర్కొనెను. పదునైదేండ్లక్రితము మౌనము వహించిన చేయి ఇప్పుడు ఎవరి పనిని వారి పేరనే చూపెను. తన చిత్రముల ముద్రణలను పరులు దొంగతనముగా అచ్చువేయకుండ అతడు 1619, 1620 సంవత్సరములలో ప్రభుత్వములనుండి రక్షణపత్రములనుకూడ సంపాదించెను.

మేము మిక్కిలి మెచ్చుకొను ఘట్టము 1628లో జరిగినది. అప్పుడు రూబెన్స్ రాజకార్యముపై మాడ్రిడ్ నగరమున ఉండెను. వయస్సు ఏబదియొకటి, కీర్తి ఐరోపాయంతటను వ్యాపించియుండెను. అయినను రాజభవనములోని టిషియన్ చిత్రములయెదుట విద్యార్థివలె నిలిచి వానికి ప్రతులు వ్రాసెను. టిషియన్ రూబెన్స్ పుట్టుటకు ముందటి ఏడే, 1576లో, చనిపోయినవాడు. చూడని గురువునకు చిత్రములే పలకలయ్యెను. ఆదాము, అవ్వల చిత్రమును వ్రాయుచు రూబెన్స్ ఆదాము కూర్చున్న తీరును మార్చెను. చెట్టుపై చిలుక నొకదానిని చేర్చెను. మూలమును, ప్రతియును నేడు మాడ్రిడ్‌లోని ప్రాడో ప్రదర్శనశాలయందే కలవు. యూరోపా కథాచిత్రమున మూలము కాలక్రమమున అమెరికాలోని బోస్టన్ చేరగా, రూబెన్స్ ప్రతి ప్రాడోలో నిలిచినది.

రాజుల నడుమ సంధిచేయుటకై అతడు లండనుకును పోయెను. 1630లో స్పెయిను, ఇంగ్లాండుల నడుమ సంధి కుదిరెను. 1640 మే 30వ తేదీన ఆంట్వెర్ప్‌లో రూబెన్స్ కన్నుమూసెను. అతని ఇంట మిగిలిన చిత్రములనుండి పైరెండు ప్రతులను స్పెయిను రాజు నాల్గవ ఫిలిప్ కొనెను. టిషియన్ మూలచిత్రములు తన భవనముననే ఉండగా, వాని ప్రతులను సొమ్మిచ్చి కొనెనన్న ఆ ప్రతుల విలువ ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

నేడును లూవ్రులో చిత్రముల యెదుట కుంచె పట్టి ప్రతులు వ్రాయుటకు అనుమతి యొసగుదురు. కాని ప్రతి కొలత మూలముకంటె భిన్నముగా నుండవలెనని నియమము. ఒకదానిని వేరొకదానిగా చెలామణి చేయుటకు వీలుండరాదని ఉద్దేశము. బాలబాలికలారా! పెద్దల చేవ్రాతపై దిద్దుటకు సిగ్గుపడకుడు. ఏబదియొక్క యేట రూబెన్సే సిగ్గుపడలేదు. కాని దిద్దినది ఎవరి అక్షరముపైననో దాచకుడు. అడిగినవారికే కాదు, అడుగనివారికిని చెప్పుడు. అప్పుడే దిద్దుట విద్య యగును. పిమ్మట ఆ చేతినుండియే మీ సొంత వ్రాత వెలువడును.